పదమూడు వందల పన్నెండు పుస్తకాల అసిరమ్మ

పెద్దమడి శాఖా గ్రంథాలయంలో యమున ఉద్యోగంలో చేరి అది తొమ్మిదో రోజు. నారాయణమూర్తి మాస్టారు ఒక లావుపాటి నవల తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, రెండు వేళ్లతో ముందుకు తోశారు.

"వాసన చూడమ్మా."

ముక్కు దాకా తేవలసిన పని లేకపోయింది. అట్ట తెరవగానే తెలిసిపోయింది. ఉప్పుచేపలు.

"ఇదొక్కటే అనుకోకు. ఆ కిటికీ పక్క బీరువా తీస్తే చాలు, ఎండుచేపల సంతలో నిలబడ్డట్టుంటుంది. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. నాలుగు కథలు చదువుకుందామని వస్తే నాకీ శిక్ష ఏమిటి చెప్పు? ఎవరో కనిపెట్టి, ఆ కార్డు కాస్తా రద్దు చేసి పారెయ్యి."

యమునకి ఆ మాట సబబుగానే తోచింది. నరసన్నపేటలో వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల ఆమె. ఎచ్చెర్లలో పీజీ చదివి, తర్వాత లైబ్రరీ కోర్సు పూర్తి చేసి, నాలుగేళ్లు వరసగా పోటీ పరీక్షలు రాసి ఈ కుర్చీలోకొచ్చింది. పుస్తకాలకి నెంబర్లెలా వెయ్యాలో, ఏ వరసలో సర్దాలో ఆమెకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. సిలబస్సులో లేని పుస్తకం ఒక్కటైనా మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివిందా అంటే, లేదు. అదొక లోటని కూడా ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు.

వాసన వేసే పుస్తకాల్ని బల్ల మీద పేర్చి, వెనక అట్టకి అతికించిన చీటీలు చూసింది. ప్రతి చీటీ మీదా ఒకటే కార్డు నెంబరు, నలభై ఆరు. సభ్యుల రిజిస్టరు తీస్తే ఆ నెంబరు ఎదురుగా ఇలా ఉంది: సూరాడ అసిరమ్మ, భావనపాడు. వృత్తి అన్న గడిలో పాత లైబ్రేరియన్ హరిబాబు గారి చేతిరాతతో ఒక్క ముక్క, చేపలు.

మంగళవారం పెద్దమడిలో సంత. పదకొండు గంటలకి అసిరమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా, ఎండకి కాలిన నల్లటి మొహం, ముక్కుకి రెండు వైపులా పుడకలు. ఖాళీ గంప గుమ్మం బయట బోర్లించి, కుళాయి దగ్గరికి వెళ్లి, బొడ్లో దోపుకున్న సబ్బుముక్క తీసి మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుంది. తడి పోయేదాకా కొంగుతో తుడుచుకుంది. అప్పుడు రెండు పొరల ప్లాస్టిక్ కవరు విప్పి, లోపలి పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టింది.

అదంతా కిటికీలోంచి చూసిన యమునకి, అనాలనుకున్న మాట సగం గొంతులోనే మెత్తబడింది. అయినా అనేసింది.

"అమ్మా, మీరు తీసుకెళ్లిన పుస్తకాలన్నీ చేపల వాసనొస్తున్నాయి. మిగతావాళ్లు చదవలేకపోతున్నారు."

అసిరమ్మ తల వంచుకుంది. "నానేటి సేతును పాపా. సబ్బెట్టి కడుగుతన్నాను, నువ్వు సూసినావు కదా. కవర్లో ఎట్టి, బియ్యం డబ్బాలో దాస్తన్నాను. మా ఇల్లే ఆ వోసన. మా ఊరి గాలే ఆ వోసన."

"ఎవరికి తీసుకెళ్తున్నారు? మనవలకా?"

"నాకే."

"మీరు చదువుతారా?"

"మరేటి," అంది అసిరమ్మ. అడిగినందుకు ఆశ్చర్యపోయినట్టు చూసింది.

యమునకి నమ్మకం కుదరలేదు. మాస్టారు వాసన చూపించిన నాలుగొందల పేజీల నవల ఇంకా బల్ల మీదే ఉంటే, తీసి చూపించింది. "ఏముంది ఇందులో?" అని అడిగేసింది. అడిగాక, పరీక్ష పెడుతున్నట్టుందే అని సిగ్గేసింది కూడా.

అసిరమ్మకి మాత్రం అది పరీక్షలా అనిపించినట్టు లేదు. బల్ల అంచు మీద చెయ్యి ఆనించి మొదలుపెట్టింది. కొండ మీద పట్నంలో ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల నాన్న కట్టించిన గంటస్తంభం, పెద్దవాడు దాని తాళంచెవి పట్టుకుని పారిపోవడం, ఆ రోజు నుంచి ఊళ్లో గంట మోగకపోవడం. మనుషుల్ని పేరుపేరునా పిలుస్తూ, వాళ్లు నిన్ననే తన వీధిలోంచి నడిచి వెళ్లినట్టు చెప్పింది. పేపరు చదువుకుంటున్న ముగ్గురూ పేపర్లు దించేశారు. చిన్నవాడు మంచులో ఒక్కడే స్తంభం ఎక్కే ఘట్టం దగ్గరికి వచ్చేసరికి మూల కుర్చీలోంచి నారాయణమూర్తి మాస్టారు గట్టిగా అరిచారు.

"ఆగమ్మా! ఆఖర్న ఏమయిందో చెప్పకు. నాకింకా అరవై పేజీలున్నాయి!"

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వేసి, ఆ వాసన పుస్తకాన్నే బల్ల మీంచి తీసుకుని కుర్చీలోకి వెళ్లిపోయారు. కార్డు రద్దు మాట మళ్లీ ఎత్తలేదు.

అసిరమ్మ బీరువా ముందు నిలబడి చూపుడువేలితో వరసలు తడుముకుంటూ పోయింది. "ఇది సదివీసినాను. ఇదీ అయిపోనాది. ఈ వరసంతా అయిపోనాది. ఇది సగంలో ఇచ్చీసినాను, అప్పుడు కోడలికి పురుడు. మళ్లా తీసుకెళ్లి అవగొట్టినాను." ఆ వేలు ఎక్కడా తడబడలేదు. యమున కుర్చీలోంచి లేచి ఆమె వెనక నిలబడింది.

"మొత్తం ఎన్ని చదివుంటారమ్మా?"

"నోటికి రాదు పాపా. ఇంటికాడ రాసుకున్నాను. సూసి సెప్తాను."

పై మంగళవారం వచ్చి, పుస్తకం బల్ల మీద పెట్టి, మర్చిపోకుండా చెప్పింది. "పదమూడు వందల పన్నెండు."

యమున తల ఊపింది. పాపం, ముసలావిడ అంకె ఏదో పొరబడిందనుకుంది.

ఆ ఏడు వానలు ఎడతెగకుండా పడ్డాయి. జిల్లా కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది: పదిహేను రోజుల్లో పుస్తకాల తనిఖీ ఉంటుంది, రికార్డులు సిద్ధంగా పెట్టాలి. లైబ్రరీ మొదలైనప్పటి నుంచి వచ్చిన ప్రతి పుస్తకం పేరూ, నెంబరూ ఎక్కించే పెద్ద రిజిస్టర్లు రెండున్నాయి. చేరినప్పుడు అవి అందాయని సంతకం చేసిందే గాని, యమున వాటిని మళ్లీ ముట్టుకోలేదు. ఇప్పుడు వెనక గదిలో గోడకి ఆనించిన చెక్క బీరువా తలుపు లాగింది. తలుపు ఊడి చేతికొచ్చింది. లోపల రిజిస్టర్లున్న చోట ఎర్రమట్టి ఉంది. చెయ్యి పెడితే అట్టల ఆకారం అట్టలాగే ఉండి, వేళ్ల కింద పొడిపొడిగా రాలిపోయింది. కింది రిజిస్టరులో మధ్యన గుప్పెడు కాగితాలు మిగిలాయి, వాటి నిండా జల్లెడలా చిల్లులు. తెల్లటి చెదపురుగులు అటూ ఇటూ పరుగులు పెట్టాయి.

యమున చేతులు దులుపుకుని ముందు గదిలోకి వచ్చింది. బీరువాల్లో ఉన్న పుస్తకాలకి చిక్కు లేదు. వాటి మీద నెంబర్లున్నాయి, మళ్లీ రాసుకోవచ్చు. రెండు రోజులు కూర్చుని లెక్కపెట్టింది. ఆఖరి నెంబరు నాలుగు వేల తొమ్మిదొందల ఎనభై ఆరు. బీరువాల్లో ఉన్నవి నాలుగు వేల నూట పది. మధ్యలో ఎనిమిదొందల డెబ్భై ఆరు నెంబర్లు ఖాళీ. అవి ఏ పుస్తకాలో, ఎప్పుడు పోయాయో, చిరిగితే పంపేశారో, ఎవరైనా పట్టుకుపోయారో చెప్పడానికి ఒక్క కాగితం లేదు. చేరి నాలుగు నెలలు కాలేదు. జవాబు చెప్పాల్సింది తను.

రిటైరై కూతురి దగ్గర విజయనగరంలో ఉంటున్న హరిబాబు గారికి ఫోను చేసి, ఏడుపు ఆపుకుంటూ సంగతంతా చెప్పింది.

"ఇంకో ప్రతి లేదమ్మా. జిల్లావాళ్లని అడిగాను, వాళ్లు రాయించలేదు. పట్టుబట్టకపోవడం నా తప్పే." మళ్లీ ఆయనే, "అసిరమ్మని అడిగావా?" అన్నారు.

"ఆవిడనెందుకండీ?"

"చదివిన ప్రతీదీ రాసుకుంటుంది. నెంబరుతో సహా. ఒక్కసారి వెళ్లి చూడు."

మర్నాడు పొద్దున్నే యమున షేర్ ఆటో ఎక్కి భావనపాడు వెళ్లింది. వాన తెరిపిచ్చి మూడు రోజులైంది. తీరం వెంట ఇసక మీద కనుచూపు మేర నెత్తళ్లు పరిచి ఉన్నాయి. వాటి మీద ఎండ పడి కళ్లు చెదిరిపోతున్నాయి. ఏడెనిమిది మంది ఆడవాళ్లు వరసగా వంగి, చీపుళ్లతో చేపల్ని తిరగేస్తూ జరుగుతున్నారు. వాళ్ల మధ్య అసిరమ్మ.

యమున పిలవబోయి ఆగింది. ఎందుకంటే వరసలో ఉన్నావిడ ఒకతె, కూర్మమ్మ అట ఆవిడ పేరు, నడుం నిటారు చేసి, "ఓలప్పా, ఇరవయ్యొకటి డెబ్బయ్మూడు సెప్పవే" అని అసిరమ్మని అడిగింది.

"అది వొద్దే, ఏడుపు కత," అంది చివర ఉన్న దుర్గ అనే చిన్న వయసు పిల్ల. "నాలుగొందల పదకొండు సెప్పప్పా. కడుపుబ్బ నవ్వుకుందుము."

"నిన్నంతా అదే సెప్పించుకున్నావు కదే. ఇయ్యాల ఇరవయ్యొకటి డెబ్బయ్మూడు. గుడ్డోడైపోయినాడు అన్నకాడ ఆపీసినావప్పా, అక్కణ్ణించి అందుకో."

బస్సు నెంబర్లు చెప్పుకున్నట్టు చెప్పుకుంటున్నారు. యమునకి ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. అవి పుస్తకాల నెంబర్లు. లైబ్రరీ సిబ్బంది తప్ప లోకంలో మరెవరూ పట్టించుకోని అంకెలు. చెదలు తినేసిన రిజిస్టర్లో ఎడమ పక్క గడిలో ఉండేవి. ఆ అంకెలు ఇక్కడ, ఇసక మీద, చేపలు తిరగేసే ఆడవాళ్ల నోళ్లలో ఉన్నాయి.

అసిరమ్మ చీపురు ఆపకుండానే అందుకుంది. దీపస్తంభం కాపలాదారు కథ అది. చూపు పోయిన సంగతి పై అధికారికి తెలిస్తే ఉద్యోగం పోతుందని, మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కి దీపం వెలిగిస్తుంటాడు. కూతురికి కూడా చెప్పడు. ఒకరోజు ఆ పిల్ల నూట పదమూడో మెట్టు మీద తన పలక మర్చిపోతుంది. తండ్రి కాలు దాని మీద పడుతుంది. అక్కడికి వచ్చేసరికి చీపుళ్లన్నీ ఆగిపోయాయి. అంతకుముందు ఎన్నిసార్లు విన్నారో గాని, కూర్మమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఓరి నాయినో, సెప్పీవొచ్చు కదా ఆ పిల్లకి!" అంది ఒకావిడ.

"సెప్తే కత ఎక్కడిదే," అంది ఇంకొకామె.

యమున చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నిలబడి ఆఖరి దాకా విన్నది. కథ అయ్యాక అసిరమ్మ ఆమెని చూసి నవ్వింది.

"ఎంతసేపయింది పాపా వొచ్చి? పిలవకపోనావా."

"ఆ పుస్తకం నేను చదవాలమ్మా. రెండువేల నూట డెబ్భై మూడు. ఏ బీరువాలో ఉంది?"

"మీకాడ నేదమ్మా. పదకొండేళ్లయింది పోయి. అట్ట ఊడిపోయి, కాయితాలు రాలిపోతుంటే హరిబాబు గారు కట్టగట్టి జిల్లాకి పంపీసినారు. ఆ రోజు నాను అక్కడే ఉన్నాను."

ఆ పుస్తకం లైబ్రరీలో లేదు. దాని పేరున్న రిజిస్టరు లేదు. ఇప్పుడు విన్నది తప్ప దాని గురించి ఆ చుట్టుపక్కల మరేమీ మిగల్లేదు. యమున చెదలు తిన్న రిజిస్టర్ల సంగతీ, తను వచ్చిన పనీ చెప్పింది.

అసిరమ్మ ఇల్లు తీరానికి దగ్గరే, రేకుల ఇల్లు. ఆమె భర్త లక్ష్ముడు అరుగు మీద కూర్చుని వల అల్లుకుంటున్నాడు. వచ్చిన పని విని, "ఎవులో ఒకలు ఈ పుస్తకాల కోసం వొస్తారని నాకు తెలుసు," అని వల పక్కన పెట్టి, లోపలి నుంచి తనే చెక్కపెట్టె మోసుకొచ్చాడు. పాత పడవ చెక్కతో ఆయనే చేసిన పెట్టె. లోపల పంతొమ్మిది నోటుబుక్కులు, వేపాకు పొరల మధ్య.

యమున మొదటిది తెరిచింది. మొదటి పేజీ నిండా మూడే మాటలు. ఒక్కో అక్షరం చింతకాయంత. గీతల్లో ఇమడక పైకీ కిందికీ పోయింది.

"ముప్పై ఏళ్లవతాది," అంది అసిరమ్మ పక్కన కూర్చుని. "మా ఊర్లో పెద్దోళ్లకి అచ్చరాలు నేర్పడానికి రాజకుమారి అని ఒక టీచరమ్మ వొచ్చీది. మద్దేనం పూట, సేపలు ఎండీటప్పుడు. అందరం ఎల్లినాం. పేరు రాయడం రాగానే అందరూ మానీసినారు. నాను మానలేకపోనాను. ఆవిడ మీ పెద్దమడి లైబ్రరీకాడ నాకొక కతల పుస్తకం ఇప్పించినాది. నాలుగు నెలలు పట్టింది పాపా, కూడబలుక్కుని కూడబలుక్కుని. అయిపోయిన నాడు ఎంత సంబరమో. తీరా తిరిగిచ్చీసి వొస్తంటే సేతులు కాళీగా ఉన్నాయి. పుస్తకం ఆల్లది, ఆల్లకిచ్చీసినాను. మరి నాకాడ ఏటి మిగిల్నాది? సదివినట్టు రుజువేటి? అదే టీచరమ్మని అడిగినాను. రాసుకో అసిరమ్మా అన్నాది."

"నెంబరు ఎందుకు రాశారు?"

అసిరమ్మ కొంచెం సిగ్గుపడింది. "ఇంటికి నెంబరు ఉంటాది కదా, ఉత్తరం రావడానికి. పుస్తకానికి కూడా అలాగే అనుకున్నాను. అది రాయకపోతే మళ్లా ఎలా దొరుకుతాది?"

పేజీలు తిప్పుతున్నకొద్దీ అక్షరాలు చిన్నవయ్యాయి. మూడో నోటుబుక్కుకి గీత మీద కూర్చున్నాయి. ఏడోదానికి గొలుసుకట్టు రాత వచ్చేసింది. ఒక మనిషి చదవడం నేర్చుకోవడం యమున కళ్ల ముందు, వేళ్ల కింద జరిగిపోతోంది. ప్రతి పుస్తకానికీ నెంబరు, పేరు, మొదలెట్టిన రోజు, అయిపోయిన రోజు, ఎక్కడ అయిపోయిందో. కింద ఒకటో రెండో ముక్కలు.

"శివరాత్రికి శ్రీముఖలింగం ఎల్లినాం. గుడి అరుగు మీద అయిపోనాది. లక్ష్ముడు దర్శనానికి రమ్మని మూడుసార్లు పిలిసినాడు."

"గవ్వలదీవి ప్రయాణం. ఈ రాసినాయనకి సముద్రం తెల్దు. ఆ నెలలో గాలి అటు తోలదు. ఓడ మునగదు. కాని పిల్లలు బాగున్నారు."

"ఇది నాకు నచ్చనేదు. అయినా ఆఖరుదాకా సదివినాను. రాసినోడు కష్టపడి రాసుంటాడు."

"తుపాను. పై రేకులు ఎగిరిపోనాయి. పుస్తకం బతికింది. నాలుగు రోజులు ఎండబెట్టి మళ్లా మొదలెట్టినాను."

"రాళ్లగెడ్డ కతలు. ఇది సదివినాక మా అత్త మీద కోపం పోనాది. ఆవిడ పోయి ఆరేళ్లు."

ఆ చివరి ముక్క దగ్గర యమున నోటుబుక్కు మూసి ఒళ్లో పెట్టుకుంది. ఎదురుగా సముద్రం ఘోష పెడుతోంది. తను రాసిన పరీక్షలన్నింటిలో కలిపి ఎన్ని పుస్తకాల పేర్లు కంఠస్థం పట్టిందో, ఎంతమంది రచయితల పుట్టిన తేదీలు గుర్తుపెట్టుకుందో! వాటిలో ఒక్కటీ తన మనసులో ఎవరి మీదా కోపం పోగొట్టలేదు. అలాంటి పని పుస్తకం చేస్తుందని కూడా ఎవరూ చెప్పలేదు.

ప్రతి నోటుబుక్కు చివరా ఒక పేజీ విడిగా ఉంది. పైన "పోయిన పుస్తకాలు" అని. ఏ నెంబరు పుస్తకం ఎప్పుడు కనబడకుండా పోయిందో, ఎందుకు పోయిందో. చిరిగిపోయి పంపేసినవి. వరదనీళ్లలో పాడైనవి. "టెక్కలి బదిలీ అయిపోయిన పోస్టుమాస్టరు తీసుకెళ్లి ఇవ్వనేదు" అని ఒకచోట. తను చదవనివి కూడా, పక్క వరసలో రోజూ చూసేవి మాయమైతే రాసింది. పోయిన చుట్టాల పేర్లు రాసుకున్నట్టు, ఒక్కోదాని పక్కన తేదీ.

"ఇవెందుకు రాశారమ్మా?"

"ఎవులూ రాయకపోతే అవి ఉండీవని ఎలా తెలుస్తాది?" అంది అసిరమ్మ.

నోటుబుక్కులు లైబ్రరీకి పట్టుకెళ్లమని లక్ష్ముడు అన్నాడు గాని అసిరమ్మ ఒప్పుకోలేదు. "నాను సచ్చిపోయినాక పట్టుకెళ్లు. ఇప్పుడు నాకు పనుంది వాటితో. నువ్వే ఇక్కడ కూకోని రాసుకో." యమున వారం రోజులు పొద్దున్నే వచ్చి ఆ అరుగు మీద కూర్చుని రాసుకుంది. అసిరమ్మ పని చేసుకుంటూనే, అర్థం కాని అక్షరం దగ్గర వచ్చి చదివి పెట్టేది. ఐదారుచోట్ల ఆమెకే గుర్తు రాక, "ఇది ఏటి రాసినానో నాకే తెల్దు. అప్పుడు నాకు వత్తులు రావు," అని పకపకా నవ్వింది. వలకి ముడేస్తూ లక్ష్ముడు మధ్యమధ్య అడిగేవాడు. "ఆ ఏనుగు కత వచ్చినాదా? అది మంచిది. రాసుకో, వొదలకు." ఆయనకి ఒక్క అక్షరం రాదు. ఏ నోటుబుక్కులో ఏ కథ ఉందో మాత్రం తెలుసు.

ఎనిమిదొందల డెబ్భై ఆరు ఖాళీల్లో ఆరొందల నలభై రెండు నిండాయి.

తనిఖీకి వచ్చిన గిరిబాబు గారు కొంచెం కటువు మనిషి. చెదలు తిన్న బీరువా చూసి, యమున కొత్తగా రాసిన రిజిస్టరు చూసి, "ఖాళీ నెంబర్లకి ఈ పేర్లు ఎక్కడివి?" అన్నారు. ఉన్నదున్నట్టు చెప్పింది.

"చేపలమ్మే ఆవిడ రాసుకున్న పుస్తకమా మీకు ఆధారం?"

"అవునండి."

"జిల్లా ఆఫీసులో పంపేసిన పుస్తకాల జాబితాలు కొన్ని ఉన్నాయి నా దగ్గర. పోల్చి చూస్తాను. ఒక్కటి తేడా వచ్చినా మొత్తం పక్కన పెట్టాల్సి వస్తుంది," అంటూ సంచీలోంచి పాత ఫైలు తీశారు. పదేళ్ల నాటి జాబితా. వేలు పెట్టి ఒక నెంబరు చదివారు. యమున రిజిస్టరు తిప్పి పేరూ తేదీ చెప్పింది. సరిపోయింది. ఇంకోటి. సరిపోయింది. ఇరవై అయ్యాక ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నలభై అయ్యాక ఫైలు మూసేశారు. ఒకచోట మాత్రం తేదీ తేడా వచ్చింది. ఆయనే తన జాబితా మళ్లీ వెలుతురుకి పట్టి చూసి, "మా గుమాస్తా ఏడుని ఒకటిలా రాశాడు," అన్నారు.

ఆ రోజు మంగళవారం. గుమ్మం దగ్గర అసిరమ్మ కుళాయి కింద చేతులు కడుక్కుంటోంది. ఆవిడెవరో చెప్పక్కర్లేకుండానే ఆయనకి తెలిసింది. లేచి బయటికి వెళ్లారు. చేతులు కట్టుకుని నిలబడి, "మీరు చదివినవాటిలో మీకు బాగా నచ్చిందేదమ్మా?" అని అడిగారు.

అసిరమ్మ చేతులు తుడుచుకుంటూ ఆలోచించింది. "ఇంకా సదవనివి ఉన్నాయి కదు బాబూ," అంది. "అప్పుడే ఎలా సెప్తాను?"

గిరిబాబు గారు రిజిస్టరు మీద సంతకం పెట్టారు. మిగిలిన ఖాళీల గురించి సంజాయిషీ రాసి పంపమన్నారు. జిల్లాలో ఒక సభ పెట్టి ఆవిడకి శాలువా కప్పిద్దామని తర్వాత ఒక మాట వచ్చింది. అసిరమ్మ నవ్వి ఊరుకుంది. సభ రోజు మంగళవారమైతే రాను, సంత ఉంది అని మాత్రం చెప్పింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

ఆ శుక్రవారం సాయంత్రం లైబ్రరీకి తాళం వెయ్యబోతూ యమున వెనక్కి వచ్చింది. నాలుగొందల పదకొండో నెంబరు పుస్తకం బీరువాలో పై వరసలో ఉంది. ఆ పిల్ల దుర్గ కడుపుబ్బ నవ్వుకుంటానన్న కథ. తీసి, తన పేరు మీద రాసుకుని, సంచీలో వేసుకుంది. ఆటోలో టెక్కలి వచ్చి, ఇంటికి వెళ్లే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని తెరిచింది. ఎవరూ మార్కులు వెయ్యరు, ఎవరూ ప్రశ్నలు అడగరు. మొదటి పది పేజీలు చదువుతున్నంతసేపూ ఏది ముఖ్యమో గుర్తు పెట్టుకోవాలన్న ఆత్రం ఆమెని వదల్లేదు. పదకొండో పేజీలో ఒక ముసలి కరణం తన గొడుగుని తనే దొంగిలించాడు. యమునకి నవ్వొచ్చింది. పక్క సీటావిడ తిరిగి చూసింది.

ఆ తర్వాత ఎప్పుడో కండక్టరు భుజం తట్టాడు.

"ఏటమ్మా, నీది నరసన్నపేట టిక్కెట్టు కదా. శ్రీకాకుళం వొచ్చీసినాం."

యమున తలెత్తింది. ఆర్టీసీ కాంప్లెక్సులో దీపాలు వెలుగుతున్నాయి. జనం దిగిపోతున్నారు. నరసన్నపేటలో బస్సు ఆగడం, తనలాంటివాళ్లు ఇరవై మంది దిగడం, మళ్లీ బయల్దేరడం, ఏదీ ఆమె చూడలేదు. పుట్టి పెరిగిన ఊరు తన కిటికీ ముందు నుంచే దాటిపోయింది. ఇంతసేపూ తను ఎక్కడుందో తలుచుకుంటే ఆమెకి భయం లాంటి ఆనందం వేసింది.

ఇంటికి ఫోను చేసి, వెనక్కి వచ్చే బస్సు కోసం సిమెంటు బెంచీ మీద కూర్చుంది. ఇంకా నూట ముప్పై పేజీలున్నాయి. మొదటి బస్సు వచ్చింది. ఘట్టం మధ్యలో ఉంది గనక ఎక్కలేదు.